ఒక ముక్కుకు రెండు ఇంజన్లు: తొలి టర్బోప్రాప్ సైనిక విమానాలు గేర్‌బాక్సు దగ్గర ఎందుకు చిక్కుకున్నాయి

విశాఖపట్నం బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి ఎదురుగా, 2017 డిసెంబరు నుంచి ఒక టీయూ-142 విమానం ప్రదర్శనలో ఉంది. భారత నౌకాదళం 1988లో సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకొని, సముద్రంలో జలాంతర్గాముల జాడ తీయడానికి 2017 మార్చి వరకు నడిపిన ఎనిమిది విమానాల్లో అది ఒకటి. దాని ముందు నిలబడి ఒక్కో ఇంజన్‌కు ఉన్న బ్లేడ్లు లెక్కపెడితే ఎనిమిది వస్తాయి: ముందు నాలుగు, వాటి వెనకే ఎదురు దిశలో తిరిగే మరో నాలుగు. జెట్ విమానాల కాలంలో ఇంకా ఈ పంకాలెందుకని చూడవచ్చినవారు అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు సమాధానం సులువే. ఆ జంట పంకాల వెనక దాగి కంటికి కనబడని గేర్‌బాక్సు గురించి అడిగేవారు అరుదు. అసలు కథ అక్కడుంది. ఈ విమానం ఏ బాంబర్ నుంచి పుట్టిందో, ఆ టీయూ-95 మొదటి నమూనాకు ఒక్కో చోట ఒకటి కాకుండా రెండేసి టర్బైన్లను ఒకే గేర్‌బాక్సుకు జోడించారు. 1953లో ఆ గేర్‌బాక్సుల్లో ఒకటి విరిగి, విమానం తగలబడి కూలిపోయింది.

ఆ ప్రమాదం ఒక్క సోవియట్ యూనియన్‌కు మాత్రమే చెందిన దురదృష్టం కాదు. 1940ల చివర, 1950ల మొదట బ్రిటన్, అమెరికా, సోవియట్ యూనియన్ మూడూ, దాదాపు ఒకే కారణాలతో, రెండు టర్బైన్లను ఒకే ముక్కుకు కట్టే ప్రయత్నం చేశాయి. బ్రిటన్ నెగ్గింది, మిగిలిన రెండూ ఓడాయి. తొలి టర్బోప్రాప్‌ల, అంటే టర్బైన్‌తో పంకాను తిప్పే విమానాల, చరిత్రను సాధారణంగా ఇంజన్ల చరిత్రగా చెబుతారు. కాని కాలుతున్న వాయువుల నుంచి శక్తిని పుట్టించడం వరకు ఇంజనీర్లు అనుకున్నదానికంటే త్వరగానే సాధించారు. వారిని ఏళ్ల తరబడి సతాయించింది ఆ శక్తిని టర్బైన్ నుంచి పంకాకు చేర్చే ఒకటిన్నర మీటర్ల దారి అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ వ్యాసంలో ఆ దారినే విప్పి చూపే ప్రయత్నం చేస్తాను.

టర్బైన్‌కు తొందర, పంకాకు నిదానం

జెట్ ఇంజన్ కొద్దిపాటి గాలిని మహా వేగంతో వెనక్కి నెడుతుంది. ప్రొపెల్లర్ ఎక్కువ గాలిని కొద్దిపాటి వేగంతో నెడుతుంది. విమానం నెమ్మదిగా ఎగురుతున్నప్పుడు, ముఖ్యంగా నేలకో నీటికో దగ్గరగా ఎగురుతున్నప్పుడు, రెండో పద్ధతిలో ఇంధనం చాలా తక్కువ వృథా అవుతుంది. అయితే అంతవరకు ప్రొపెల్లర్లను తిప్పుతూ వచ్చిన పిస్టన్ ఇంజన్లు రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి తమ హద్దుకు చేరుకున్నాయి. 3,000 హార్స్‌పవర్ దాటాలంటే సిలిండర్లను నాలుగు వరుసల్లో 28 వరకు పేర్చవలసి వచ్చింది. వాటిని చల్లబరచడం, మరమ్మతు చేయడం, ప్రకంపనలను అదుపులో ఉంచడం ఒకదానికంటే ఒకటి కష్టమయ్యాయి. గాస్ టర్బైన్ అంతే శక్తిని ఎంతో తక్కువ బరువులో ఇవ్వగలదు. కనుక టర్బైన్‌తో పంకాను తిప్పితే రెండింటి మేలూ దక్కుతుందన్నది టర్బోప్రాప్ వెనకున్న ఆలోచన.

చిక్కల్లా ఆ రెండింటి వేగాలు కలవకపోవడమే. సీ-130 సైనిక రవాణా విమానంలో వాడే టీ-56 ఇంజన్ నిమిషానికి 13,820 సార్లు తిరుగుతుంది. దాని ప్రొపెల్లర్ వ్యాసం సుమారు 4.1 మీటర్లు. ఆ పంకాను నేరుగా ఇంజన్ ఇరుసుకే బిగిస్తే, బ్లేడు కొస సెకనుకు దాదాపు మూడు కిలోమీటర్ల వేగంతో, అంటే ధ్వనికంటే ఎనిమిది, తొమ్మిది రెట్లు వేగంగా తిరగాలి. ఏ లోహమూ ఆ బలానికి నిలవదు. అందుకే మధ్యలో పళ్ల చక్రాల వరుస ఒకటి ఉండి, వేగాన్ని పదమూడున్నర రెట్లు తగ్గించి, పంకాను నిమిషానికి సుమారు 1,020 సార్లు మాత్రమే తిప్పుతుంది. వేగం తగ్గినంత మేరా తిప్పుడు బలం పెరుగుతుంది. వేల హార్స్‌పవర్ల శక్తి వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని పళ్ల మీదుగా, నిమిషానికి వేలసార్లు, గంటల తరబడి ప్రవహించాలి. పంటిలో వెంట్రుకవాసి పగులు చాలు, లోహపు అలసట దాన్ని పెంచుకుంటూ పోతుంది.

రెండో చిక్కు అంతగా కనబడదు, కాని ఈ కథలో అదీ ప్రాణం తీసింది. టర్బైన్ పుట్టించే శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు దాని ముందుండి గాలిని నొక్కి లోపలికి పంపే కంప్రెసర్‌ను తిప్పడానికే ఖర్చయిపోతుంది. మిగిలిన ఒక వంతే పంకాకు దక్కుతుంది. కంప్రెసర్, టర్బైన్, గేర్లు, పంకా అన్నీ ఒకే ఇరుసు మీద ఉన్నప్పుడు, మంట ఆరిపోతే తంతు తిరగబడుతుంది: ఎదురుగాలి పంకాను తిప్పుతుంది, పంకా గేర్ల గుండా ఆ బరువైన కంప్రెసర్‌ను తిప్పడానికి పూనుకుంటుంది. పిస్టన్ ఇంజన్ ఆగిపోతే పంకా కొంత అడ్డమే అవుతుంది. ఇలాంటి టర్బోప్రాప్ ఆగిపోతే పంకా విమానానికి కట్టిన బ్రేకు అవుతుంది. రెండు రెక్కల మీద రెండు ఇంజన్లున్న విమానంలో అది ఒక పక్కనే జరిగితే ముక్కు ఒక్కసారిగా ఆ పక్కకు తిరిగిపోతుంది. పైలట్ చేతిలో ఉండేది కొద్ది క్షణాలే.

తొలి అడుగులు

మొదటి టర్బోప్రాప్ ఇంజన్ ఘనత హంగరీకి చెందుతుంది. బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో గ్యోర్గి యెండ్రాషిక్ రూపొందించిన సీఎస్-1 ఇంజన్ 1940లో తిరిగింది. వార్గా ఆర్ఎంఐ-1 అనే రెండింజన్ల యుద్ధవిమానం కోసం దాన్ని తయారు చేశారు. వెయ్యి హార్స్‌పవర్ ఆశించగా, ఇంధనం సరిగా మండకపోవడంతో సుమారు 400 దగ్గరే ఆగిపోయింది. 1941లో హంగరీ జర్మన్ విమానాన్ని ఎంచుకోవడంతో ప్రయత్నం మూలపడింది. యెండ్రాషిక్‌కు మరో రెండేళ్లు దక్కి ఉంటే ఏమయ్యేదోనని అనిపించక మానదు. ఆ ఇంజన్ అమరిక ఆ తరువాత పదేళ్లకు అందరూ అనుసరించిన దారికి ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉంది.

టర్బోప్రాప్‌తో మొదట గాలిలోకి లేచింది మాత్రం బ్రిటిష్ రెండింజన్ల యుద్ధవిమానం గ్లాస్టర్ మీటియోర్. రోల్స్ రాయిస్ సంస్థ తన డెర్వెంట్ జెట్ ఇంజన్ ముందు గేర్లను చేర్చి, అయిదు బ్లేడ్ల పంకాను తగిలించి, దానికి ట్రెంట్ అని పేరు పెట్టింది. రెండు ట్రెంట్‌లు బిగించిన మీటియోర్ 1945 సెప్టెంబరు 20న ఎగిరింది. అది సైన్యానికి ఇవ్వడానికి చేసింది కాదు, గేర్లూ పంకా నియంత్రణా ఎలా ప్రవర్తిస్తాయో నేర్చుకోవడానికి చేసింది. నేర్చుకున్న మొదటి పాఠాల్లో ఒకటి తోక గురించి: ముందు భాగంలో చేరిన పంకాలు విమానాన్ని పక్కలకు ఊగేలా చేయడంతో, తోకకు అదనంగా రెండు చిన్న నిలువు పలకలు చేర్చవలసి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 21న అమెరికాలో ఎక్స్‌పీ-81 అనే యుద్ధవిమాన నమూనా టర్బోప్రాప్‌తో ఎగిరింది. దాని ముక్కులో టర్బోప్రాప్, వెనక జెట్ ఇంజన్ ఉండేవి. ఆ ముక్కు ఇంజన్ తాను తొలగించిన మెర్లిన్ పిస్టన్ ఇంజన్‌ను మించి ఏమీ ఇవ్వలేకపోయింది. నమూనాలు రెండింటితో ఆ కథ ముగిసింది.

నౌకాదళాలకు ఏమి కావాలి

రెండు టర్బైన్లను కలపాలన్న ఆలోచన నౌకాదళాల అవసరం నుంచి పుట్టింది. జలాంతర్గామిని వెతికే విమానం రెండు పరస్పర విరుద్ధమైన పనులు చేయాలి. విమానవాహక నౌక మీది పొట్టి రన్‌వే నుంచి బాంబులతో, రాడార్‌తో, ముగ్గురు సిబ్బందితో లేవడానికి దానికి బోలెడంత శక్తి కావాలి. లేచాక గంటల తరబడి నీటి మీద తక్కువ ఎత్తులో తిరుగాడాలంటే కొద్దిపాటి శక్తే చాలు. గాస్ టర్బైన్‌కు ఒక దుర్గుణముంది: పూర్తి శక్తితో నడిపినప్పుడే అది పొదుపుగా ఉంటుంది, సగం శక్తికి తగ్గిస్తే ఇంధన వినియోగం సగానికి తగ్గదు. కనుక పెద్ద టర్బైన్ ఒక్కటి పెట్టి దాన్ని మెల్లగా నడపడంకంటే, రెండు చిన్నవి పెట్టి, తిరుగాడేటప్పుడు ఒకదాన్ని పూర్తిగా ఆపేయడం మేలు.

రెండింటిని చెరో రెక్క మీద పెడితే సరిపోదా? ఆ దారినీ ప్రయత్నించారు. షార్ట్ సంస్థ తన స్టర్జన్ విమానానికి రెండు మాంబా టర్బోప్రాప్‌లు అమర్చిన ఎస్‌బీ-3ని 1950 ఆగస్టులో ఎగరేసింది. ఇంజన్ల పొగగొట్టాల నుంచి కిందివైపు వచ్చే వాయువుల ధాటికి విమానం నిలకడ కోల్పోయింది. ఒక ఇంజన్‌తో దాన్ని క్షేమంగా నిలబెట్టడం సాధ్యం కాలేదు. ఒక ఇంజన్‌ను ఆపి గంటలు తిరగడమే దాని ఉద్యోగమైనప్పుడు, ఆ లోపం తరువాత చేయడానికి ఏమీ మిగల్లేదు. ఒకటి ఆపినా ముక్కు పక్కకు తిరగకూడదంటే, రెండు పంకాలూ విమానపు నడిగీత మీదే ఉండాలి. అంటే రెండు ఇంజన్లనూ ముక్కులోనే ఇరికించాలి.

ఇంకొక సంగతి పైకి చిన్నదిగా కనిపిస్తుంది కాని నౌక కెప్టెన్లకు చాలా పెద్దది. పిస్టన్ విమానాలకు వాడే పెట్రోలు తేలిగ్గా ఆవిరై అంటుకుంటుంది. యుద్ధంలో దాని వల్ల విమానవాహక నౌకలు మంటల్లో చిక్కుకున్న అనుభవం తాజాగా ఉంది. టర్బైన్ కిరోసిన్‌తోనూ, అవసరమైతే డీజిల్‌తోనూ నడుస్తుంది. పెట్రోలు ట్యాంకులే లేని నౌక అన్నది వారికి తీరవలసిన కోరిక.

గానెట్: కలపకుండా కలపడం

ఫెయిరీ గానెట్ 1949 సెప్టెంబరు 19న మొదటిసారి ఎగిరింది. 1950 జూన్ 19న ఇలస్ట్రియస్ నౌక మీద దిగి, విమానవాహక నౌక మీద వాలిన మొదటి టర్బోప్రాప్ విమానంగా నిలిచింది. దాని ముక్కులో ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ వారి డబుల్ మాంబా ఉంది. పేరు వింటే రెండు ఇంజన్ల శక్తి ఒకచోట కలిసి పంకాలకు చేరుతుందని ఎవరైనా అనుకుంటారు. నిజానికి జరిగేది అది కాదు. రెండు మాంబాలు పక్కపక్కనే ఉంటాయి, వాటి గేర్లు ఒకే పెట్టెలో ఉంటాయి, కాని ఒక మాంబా ముందు పంకాను, మరొకటి వెనక పంకాను, ఎవరిది వారు తిప్పుకుంటాయి. ఒక పంకా ఇరుసు బోలుగా ఉండి, రెండోదాని ఇరుసు దాని లోపలినుంచి వస్తుంది. పెట్టె ఒకటే, శక్తి దారులు రెండు.

ఈ తేడా ఎంత ముఖ్యమో చెప్పడానికి నాకు జోడెద్దుల కాడికంటే మంచి పోలిక దొరకలేదు. ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి కూలబడితే, దాని మెడపలుపు తక్షణం తప్పించాలి. లేకపోతే రెండో ఎద్దు బండితో పాటు పడిపోయిన దాన్ని కూడా ఈడ్చవలసి వస్తుంది. గానెట్‌లో అసలు కాడే లేదు. పక్కపక్కన నడిచే రెండు ఒంటెద్దు బళ్లలాంటివి ఆ ఇంజన్లు. ఒకటి ఆగితే దాని పంకా బ్లేడ్లను గాలికి అంచు చూపేలా తిప్పి ఉంచుతారు. దీన్ని ఫెదరింగ్ అంటారు. అప్పుడు ఎదురుగాలి ఆ పంకాను తిప్పలేదు, రెండోది తన పని తాను చేసుకుపోతుంది. పైలట్లు గస్తీలో ఉద్దేశపూర్వకంగానే ఒక ఇంజన్‌ను ఆపి ఇంధనం మిగుల్చుకునేవారు. ఆగిపోవడమన్నది ప్రమాదం నుంచి దినచర్యగా మారింది. తొలి గానెట్‌లో రెండు మాంబాలూ కలిసి 2,950 హార్స్‌పవర్ ఇచ్చేవి; ముందస్తు హెచ్చరిక రాడార్ మోసిన చివరి రకంలో అది 3,875కు చేరింది. ఆ రకం 1978 వరకు ఆర్క్ రాయల్ నౌక నుంచి పనిచేసింది. అందంగా ఉండదు గాని, ఇంత తెలివిగా తన చిక్కును విప్పుకున్న విమానం ఆ తరంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

టీ-40: కాడి వేసినందుకు

అమెరికన్ నౌకాదళం 1945 జూన్‌లోనే టర్బోప్రాప్ దాడి విమానం కావాలని అడిగింది. డగ్లస్ సంస్థ స్కైషార్క్‌ను ప్రతిపాదించింది. దానికి ఆలిసన్ వారి టీ-40 ఇంజన్. రెండు టీ-38 టర్బైన్లు క్లచ్‌ల ద్వారా ఒకే ఉమ్మడి గేర్‌బాక్సుకు కలిసి, అక్కడినుంచి ఎదురెదురుగా తిరిగే రెండు పంకాలకూ శక్తి వెళుతుంది. అంచనా 5,100 హార్స్‌పవర్. కాగితం మీద ఇది డబుల్ మాంబాకంటే మెరుగైనది: ఒక టర్బైన్ ఆగినా మిగిలినదాని శక్తి రెండు పంకాలకూ అందుతుంది, కనుక ఏ పంకా ఖాళీగా ఉండదు. ఆ చిన్న లాభం కోసం డిజైనర్లు ఒక షరతుకు ఒప్పుకున్నారు: చచ్చిన టర్బైన్‌ను క్లచ్ తప్పనిసరిగా విడదీయాలి.

స్కైషార్క్ 1950 మే 26న ఎగిరింది. ఆ ఏడాది డిసెంబరు 19న నౌకాదళ పరీక్షా పైలట్ దిగబోతుండగా విమానం కిందికి పడిపోయే వేగాన్ని ఆపలేకపోయాడు. రన్‌వేను బలంగా ఢీకొని మరణించాడు. దర్యాప్తులో కుడివైపు టర్బైన్ విఫలమైందని, క్లచ్ దాన్ని విడదీయలేదని, పంకాలు కూడా ఫెదర్ కాలేదని తేలింది. ఎడమవైపు టర్బైన్ బతికే ఉంది. కాని దాని శక్తి తన జంట కంప్రెసర్‌ను ఈడ్చడానికి పోయింది. విమానంలో ఏది ఆగిందో పైలట్‌కు చెప్పే సరైన మీటర్లు కూడా లేవు. రెండో నమూనాకు తనంతట తానే విడదీసే పరికరం, అదనపు మీటర్లు చేర్చి ఎగరేసేసరికి 1952 ఏప్రిల్ వచ్చింది. ఇంత జరిగాక కూడా గేర్‌బాక్సు నమ్మకం కలిగించలేదు: మరో పరీక్షలో డైవ్ నుంచి పైకి లేస్తుండగా గేర్‌బాక్సు విరిగి, పంకాలు ఊడి గాల్లోనే పోయాయి, ముందరి అద్దమంతా నూనె కమ్మినా ఆ పైలట్ విమానాన్ని గ్లైడర్‌లా దింపి బతికి బయటపడ్డాడు.

టీ-40ను నమ్ముకున్న మిగతా విమానాల గతీ అంతే. రెక్కకొక టీ-40 చొప్పున, అంటే మొత్తం నాలుగు టర్బైన్లతో, 1952 జనవరిలో ఎగిరిన నార్త్ అమెరికన్ ఎక్స్‌ఏ2జే నమూనా దశ దాటలేదు. నాలుగు టీ-40లున్న ట్రేడ్‌విండ్ సముద్ర విమానం సేవలోకి వచ్చింది గాని, గేర్‌బాక్సు వైఫల్యాల తరువాత 1958లో దాన్ని ఉపసంహరించారు. ఈలోగా స్కైషార్క్ డిజైనర్ ఎడ్ హైనెమాన్ చిన్న జెట్ విమానం స్కైహాక్‌ను గీశాడు. అది 1954 జూన్‌లో ఎగిరి, స్కైషార్క్ చేయవలసిన పనిని తీసుకుంది. టర్బోప్రాప్ మీద జెట్ నెగ్గిందని దీన్ని చెబుతారు. నిజానికి టర్బోప్రాప్ ఓడింది జెట్ చేతిలో కాదు, క్లచ్ చేతిలో. ఆ ఆలస్యం లేకపోతే కనీసం కొన్నేళ్లపాటు ఆ విమానం నౌకల మీద ఉండేది.

టీయూ-95: కాడిని తీసేసిన వారు

సోవియట్ యూనియన్‌కు సమస్య మరో కొలతలో ఎదురైంది. అమెరికా వరకు వెళ్లి తిరిగి రాగల బాంబర్ కావాలి. ఆనాటి జెట్ ఇంజన్లు అంత దూరానికి ఇంధనం మోయలేవు. విమానాలు రూపొందించే టుపోలెవ్ కార్యాలయం వెనక్కి వాలిన రెక్కలు, నాలుగు టర్బోప్రాప్‌లున్న విమానాన్ని ప్రతిపాదించింది. ఒక్కో ఇంజన్ 12,000 హార్స్‌పవర్ ఇవ్వాలి. కూయిబిషెవ్ దగ్గర నికొలాయ్ కుజ్నెత్సోవ్ సంస్థలో, యుద్ధం తరువాత జర్మనీ నుంచి తరలించిన ఇంజనీర్లు ఫెర్డినాండ్ బ్రాండ్నర్ నాయకత్వంలో ఈ పని మీద ఉన్నారు. అంత పెద్ద ఇంజన్ సిద్ధమయ్యేదాకా ఆగలేక, ఉన్న టీవీ-2 ఇంజన్లనే రెండేసి జోడించారు. ఎనిమిది టర్బైన్లతో మొదటి నమూనా 1952 నవంబరు 12న ఎగిరింది. 1953 మే 11న దాని మూడో ఇంజన్ గేర్‌బాక్సులో పళ్లచక్రం లోహపు అలసటతో విరిగి, నిప్పంటుకుంది. కమాండర్ అలెక్సీ పెరెల్యోత్, మరికొందరు సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఆయన మంటలను అదుపు చేయడానికి చివరిదాకా విమానంలోనే ఉన్నారు.

సోవియట్ ఇంజనీర్లు ఆ తరువాత జోడింపును బాగుచేయడానికి ప్రయత్నించలేదు. దాన్ని వదిలేశారు. ఒక్క టర్బైన్‌నే 12,000 హార్స్‌పవర్‌కు పెంచి, రెండో నమూనాను 1955 ఫిబ్రవరి 16న ఎగరేశారు. అదే తరువాత 15,000 హార్స్‌పవర్‌కు చేరి ఎన్‌కే-12గా ప్రసిద్ధమైంది. దాని గేర్‌బాక్సు చేసే పని టీ-40కు పూర్తిగా తలకిందులు: అక్కడ రెండు ఇంజన్లను ఒకటి చేశారు, ఇక్కడ ఒక ఇంజన్ శక్తిని ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు పంకాలకు పంచారు. అంత శక్తిని ఒకే పంకాతో గాలికి అందించాలంటే దాని వ్యాసం మరీ పెరిగి, బ్లేడ్ల కొసలు ధ్వని వేగాన్ని దాటిపోతాయి. రెండుగా పంచి, వ్యాసాన్ని 5.6 మీటర్లకు ఆపి, నిమిషానికి సుమారు 750 చుట్లే తిప్పడంతో అది సాధ్యమైంది. విశాఖలో మనం లెక్కపెట్టే ఎనిమిది బ్లేడ్లకు కారణం ఇదే.

మీట ముందుకు తోసిన తరువాత

గేర్లు విరగకపోయినా పని అయిపోదు. ఒకే ఇరుసున్న టర్బోప్రాప్ దాదాపు ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది. పైలట్ మీట ముందుకు తోస్తే ఇంధనం పెరుగుతుంది, ఇంజన్ వేగం పెరగకుండా బ్లేడ్ల కోణం వెంటనే పెరిగి ఆ శక్తిని గాలికి మళ్లించాలి. ఇంధనానికీ కోణానికీ మధ్య పొత్తు క్షణంపాటు తప్పినా, నౌక మీద వాలడానికి చివరి సెకన్లలో ఉన్న పైలట్‌కు అడిగిన శక్తి అందదు. బ్రిటిష్ నౌకాదళ దాడి విమానం వెస్ట్‌ల్యాండ్ వైవర్న్‌కు ఈ జబ్బు ఏళ్లపాటు వదల్లేదు. 1946లో పిస్టన్ ఇంజన్‌తో ఎగిరిన ఆ విమానం, పైథాన్ టర్బోప్రాప్‌తో స్క్వాడ్రన్‌కు చేరడానికి 1953 వచ్చింది. అప్పుడు కూడా నౌక మీంచి విమానాన్ని గాల్లోకి విసిరే కాటపుల్ట్ విసురుకు ఇంధనం వెనక్కి పోయి మంట ఆరిపోయేది. 1954 అక్టోబరులో ఆల్బియన్ నౌక ముందు అలాగే నీట మునిగిన ఒక పైలట్, నీటి అడుగునుంచే ఇజెక్షన్ సీటు పేల్చుకొని బతికాడు. 1956 సూయజ్ యుద్ధంలో వైవర్న్‌లు పోరాడాయి, 1958లో వైదొలగాయి.

ఈ పాఠాలన్నీ ఒకచోట ఫలించింది సీ-130లో. దాని టీ-56 ఇంజన్ అదే ఆలిసన్ సంస్థది, అదే టీ-38 వంశానిది. కాని ఈసారి జోడించలేదు, ఒక్కదాన్నే పెంచారు. గేర్‌బాక్సును ఇంజన్‌కు అంటించకుండా ముందుకు జరిపి, పొడవాటి ఇరుసుతో కలిపారు. పంకా ఇంజన్‌ను తిప్పడం మొదలైన మరుక్షణం, పైలట్ చేయి కదిలేలోపే, బ్లేడ్ల కోణాన్ని పెంచే యంత్రాంగం పెట్టారు. అదీ చాలకపోతే ఇంజన్‌ను గేర్ల నుంచి విడదీసే జోడింపు పరికరం ఒకటి ఉంది. 1954 ఆగస్టు 23న మొదటి నమూనా ఎగిరినప్పటికీ, విద్యుత్తుతో కోణం మార్చే మొదటి ప్రొపెల్లర్లు నిలకడగా పనిచేయక, నూనె ఒత్తిడితో పనిచేసేవి వచ్చేదాకా బాధ తీరలేదు. అదే టీ-56ను రెండుగా అమర్చుకున్న హాకై రాడార్ విమానం 1960 అక్టోబరులో నౌకల కోసం ఎగిరింది. స్కైషార్క్ అందుకోలేకపోయిన నౌక మీదికి, పదేళ్ల తరువాత, దాని ఇంజన్ తోబుట్టువే చేరింది.

చిక్కును మూలంలోనే తప్పించిన దారి ఇంకొకటుంది. పంకాను తిప్పే టర్బైన్‌ను కంప్రెసర్ ఇరుసుతో సంబంధం లేకుండా విడిగా ఉంచి, మధ్యలో వేడి వాయువు తప్ప మరే బంధమూ లేకుండా చేయడం. అప్పుడు ఇంజన్ ఆగినా పంకా కంప్రెసర్‌ను ఈడ్వనవసరం లేదు. టీ-53 ఇంజన్లు రెండు అమర్చుకొని 1959 ఏప్రిల్‌లో ఎగిరిన అమెరికన్ సైన్యపు మోహాక్ ఈ దారిలో నడిచింది. ఇప్పటి చిన్న టర్బోప్రాప్‌లలో అధిక భాగం ఇదే పద్ధతివి.

మన నౌకాదళం తొలి అడుగు మాత్రం అన్నిటికంటే సరళమైన దారిలో పడింది. ఫ్రెంచ్ బ్రెగే సంస్థ మొదట ముక్కులో మాంబా టర్బోప్రాప్, తోకలో జెట్ ఉన్న వల్చర్‌ను 1951లో ఎగరేసి, ఆ జోడింపును వదులుకొని, ఒకే ఒక్క రోల్స్ రాయిస్ డార్ట్‌తో అలిజేను తయారు చేసింది. డార్ట్ కొత్తదనానికి పోని, బరువైన, మొండి ఇంజన్. ఆ మొండితనమే దాని బలం. 1961లో విక్రాంత్‌తో పాటు మనకు వచ్చిన అలిజేలు 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో ఆ నౌక నుంచే పనిచేశాయి. అదే డార్ట్ రెండుగా అమర్చిన ఆవ్రో 748 రవాణా విమానాలను కాన్పూర్‌లో కట్టి మన వైమానిక దళం దశాబ్దాలు నడిపింది.

1945లో ఆ మీటియోర్ తోకకు రెండు చిన్న పలకలు చేర్చారని పైన రాశాను. పంకా విమానాన్ని పక్కకు లాగినప్పుడు దాన్ని తిన్నగా నిలిపేది తోకే. ఒక రెక్క కొసనున్న ఇంజన్ ఆగిపోయినప్పుడు సీ-130లోనూ ఆ భారం మోసేది ఆ ఎత్తైన నిలువు తోకే. కొత్త తరం సీ-130జే విమానాలకు ఆ తోక భాగాలను ఇప్పుడు హైదరాబాదు పక్కన ఆదిభట్లలో, టాటా, లాక్‌హీడ్ మార్టిన్ సంస్థల ఉమ్మడి కర్మాగారంలో తయారు చేసి అమెరికాకు పంపుతున్నారు.